నగరం మీద రాస్తున్న ఒక చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన రచనలన్నీ చదివాను. చదివిన పుస్తకాల మీద, తెలుగు భాష మీద, నగరంలో గడిచే నీ రోజుల మీద నీ అభిప్రాయాలు అవి. ఇటువంటివి సాహిత్యం కిందికి వస్తాయా, కథో నవలో రాస్తే తప్ప రచయితను అనిపించుకోలేనా అని అడిగావు. ఆ సందేహం పెట్టుకోవద్దు. ఒక మంచి పాఠకుడు తాను చదివినదీ చూసినదీ నిదానంగా చెప్పుకుపోయే వ్యాసానికి తెలుగులో చోటు ఉంది, అటువంటి వ్యాసాలను ఇష్టంగా చదివేవాళ్ళూ ఉన్నారు. నాకు కనిపించిన లోటు వేరు. నీ అభిప్రాయం ఏమిటో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది కాని, దాన్ని నీలో కలిగించిన విషయం మాత్రం చాలాచోట్ల కనిపించడం లేదు.

ఒక నవల గురించి రాస్తూ పాత్రలు సజీవంగా ఉన్నాయనీ, శైలి సరళంగా ఉందనీ, చివరిదాకా ఆపకుండా చదివించిందనీ అన్నావు. ఈ మాటలు ఏ నవలకైనా అతుకుతాయి. చదువుతూ చదువుతూ నువ్వు ఎక్కడ ఆగిపోయావో, ఏ సంభాషణ కోసం పేజీలు వెనక్కి తిప్పావో, ఏ పాత్ర చేసిన పనికి నీకు కోపం వచ్చిందో, పుస్తకం మూసేనాటికి ఆ కోపం ఏమయిందో రాస్తే, ఆ నవల చదవనివాడికి కూడా అది ఎటువంటిదో తెలుస్తుంది. నచ్చని పుస్తకానికీ ఇదే పద్ధతి. సగంలో వదిలేసినదాన్ని సగంలో వదిలేశానని చెప్పి, ఎక్కడ వదిలావో కూడా చెప్పు. ఏడాదికి ఎన్ని పుస్తకాలు పూర్తిచేశావన్న లెక్క ఎవరికీ ఉపయోగపడదు.

ఇక భాష సంగతి. నగరంలో తెలుగు చచ్చిపోతోందని నువ్వు ఆవేదనతో రాశావు. తెలుగు మాట్లాడే ఇళ్ళలోనే పిల్లలు తెలుగు చదవలేకపోవడం నన్నూ బాధపెడుతుంది, ఆ బాధ దాచుకోవలసినది కాదు. అయితే ఆ వ్యాసం మొత్తంలో నగరంలో ఎవరూ నోరు విప్పి ఒక్క తెలుగు మాటైనా మాట్లాడలేదు. నీ చుట్టూ రోజంతా వినబడుతున్న భాషను వినకుండా దాని చావును గురించి ఎలా రాస్తావు? మా అపార్టుమెంటు వాచ్‌మన్ ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాడు. పొద్దున్నే గేటు దగ్గర నిలబడి 'ఏటన్నయ్యా, వాన పడ్డాదేటి?' అని ఫోనులో ఊరి కబుర్లు అడుగుతుంటాడు. అంతలో నీళ్ళ ట్యాంకరు వస్తే, ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే 'అన్నా, జర ఆగు, గేటు తీస్తున్న' అని డ్రైవరుకు అతని తీరులోనే కేక వేస్తాడు. వెంటనే మాలో ఒకరి వైపు తిరిగి 'సార్, మీ కారు కొంచెం వెనక్కి తీస్తారా' అంటాడు. మూడు తీరుల తెలుగునూ తడుముకోకుండా మాట్లాడగలిగిన ఆ మనిషి దగ్గర మనం నేర్చుకోవలసింది చాలా ఉంది. ఎవరితో ఏ భాష మాట్లాడాలో అతనికి ఎవరూ పాఠం చెప్పలేదు, బతుకుతెరువు నేర్పింది.

ఈ సందర్భంలో గిడుగు రామమూర్తి గారిని గుర్తుచేయాలనిపిస్తోంది. వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా ఆయన నీకు తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్నప్పుడు ఆయన సవరలనే గిరిజనుల భాషను ఆ భాష మాట్లాడేవాళ్ళ నోటి నుంచి విని నేర్చుకున్నారు. అప్పటికి దానికి లిపి లేదు, ముందుపెట్టుకోవడానికి పుస్తకాలూ లేవు. సవరల మాటలను, కథలను, పాటలను సేకరించి, చివరికి 1931లో ఆ భాషకు వ్యాకరణం వెలువరించారు. జనం మాట్లాడే తెలుగు రాతకు పనికివస్తుందని వాదించిన మనిషికి అంతకు ముందే మరొక జాతి మాటను శ్రద్ధగా వినే అలవాటు ఉండడం యాదృచ్ఛికమని నేను అనుకోను. ముందు ఆ అలవాటు చేసుకో, తీర్మానాలు తరవాత చేయవచ్చు.

విన్నదాన్ని రాసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త అవసరం. పేదవాడి నోట మాత్రమే యాస పలికించి, చదువుకున్నవాడి చేత అచ్చుభాష మాట్లాడించే పద్ధతి మన కథల్లోనూ సినిమాల్లోనూ చాలాకాలంగా ఉంది. అది అబద్ధం, అవమానం కూడా. చదువుకున్నవాళ్ళకీ యాస ఉంటుంది, నీకూ ఉంది. లిఫ్టు, సిగ్నలు, బిల్లు వంటి మాటలకు బదులు ఎవరూ పలకని మాటలను పుట్టించనక్కరలేదు. పాత పుస్తకంలో తెలియని మాట తగిలితే దాటేయకుండా నిఘంటువు తెరువు. 1852లో అచ్చయిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు ఇప్పటికీ చదవదగ్గ పుస్తకమే.

నగరం మీద రాసినప్పుడల్లా ఉరుకుల పరుగుల జీవితం, కాంక్రీటు అరణ్యం, యాంత్రిక బతుకులు అన్న మాటలు నీ కలం నుంచి వాటంతట అవే వచ్చేస్తున్నాయి. వాటిని కొట్టేయి. నీ బస్సు వ్యాసంలో ఒకచోట మాత్రం నేను ఆగిపోయాను. తాను దిగవలసిన స్టాపు ఇంకా దూరంగా ఉండగానే ఒకావిడ, పక్కన నిలబడి ఉన్న అమ్మాయి చెయ్యి తట్టి, 'నేను లేవగానే నువ్వు కూర్చో' అంటుంది. లేచేటప్పుడు ఇంకెవరూ కూర్చోకుండా తన సంచిని సీటు మీదే ఉంచి, అమ్మాయి దగ్గరికి జరిగాక తీసుకుంటుంది. ఎంత చక్కగా చూశావు! ఆ వెంటనే మానవత్వం ఇంకా మిగిలే ఉందంటూ ఒక పేరా రాసి దాన్ని పాడుచేశావు. ఆ సంచి చెప్పినదాన్నే నువ్వు మళ్ళీ చెప్పనక్కరలేదు. దానికి బదులు ఆవిడ ఏ పనికి వెళ్ళి వస్తోందో, ఆ అమ్మాయి ఎందుకంత అలసి ఉందో నీకు తెలిసినంత మేరకు రాయి. తెలియకపోతే ఊహించి నింపకు.

తిరగరాయడానికి బద్ధకించవద్దు. గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. ఆయన దాన్ని అక్కడితో వదిలిపెట్టకుండా ఎంతో పెంచి, చాలావరకు కొత్తగా రాసి 1909లో మళ్ళీ అచ్చువేయించారు. ఈనాడు మనం చదువుతున్నది ఆ రెండవ కూర్పే. అచ్చయి, పేరు తెచ్చుకున్న నాటకాన్నే ఆయన అలా తిరగరాశారంటే, నిన్న రాత్రి పూర్తిచేసిన వ్యాసాన్ని ఈ పొద్దున్నే పత్రికకు పంపవలసిన తొందర నీకు ఏముంది? కొన్నాళ్ళు పక్కన పెట్టి, తరవాత పైకి చదువుకో. నీ గొంతుకే ఎబ్బెట్టుగా తోచిన వాక్యాన్ని మార్చు.

బస్సు వ్యాసాన్ని తిరగరాసి నాకు పంపు. కండక్టరు మాటలు, ప్రయాణికుల మాటలు నువ్వు విన్నవి విన్నట్టే అందులోకి రానివ్వు. భాష మీది వ్యాసాన్ని ఇప్పట్లో ముట్టుకోకు. నవల మీది వ్యాసానికి మాత్రం, ఆ నవలను మరొకసారి చదివిన తరవాతే కూర్చో.

నీ శ్రేయోభిలాషి