ఆసుపత్రిలో మా పాపకు అసలు శత్రువు టేపు

"మా ఆరేళ్ళ బాబుకు శబ్దాలు పడవు, ఎవరైనా ముట్టుకుంటే పడదు, కొత్త బట్ట వేస్తే పడదు. వచ్చే నెల చిన్న ఆపరేషన్ ఉంది. సూదికి ఎలా ఒప్పించాలో తెలియక నిద్రపట్టట్లేదు. ఇలాంటి పిల్లలతో ఆసుపత్రిలో నెగ్గుకొచ్చినవాళ్ళు చెప్పండి" అని అడిగారు కదా.

ముందు సూది భయం కాస్త పక్కన పెట్టండి. సూది గురించి అక్కడ అందరూ ఆలోచిస్తారు. మొద్దుబార్చే క్రీములున్నాయి, చెయ్యి తిరిగిన సిస్టర్లున్నారు. మీరు దిగులు పడాల్సింది ఎవరూ లెక్కలోకి తీసుకోని చిల్లర వస్తువుల గురించి. మణికట్టుకు వేసే పేరు పట్టీ, వేలికి తగిలించే ఎర్ర లైటు క్లిప్పు, దానంతటదే బిగుసుకునే బీపీ పట్టీ, గరుకు దుప్పటి, చల్లటి స్పిరిట్ దూది. అన్నిటికన్నా పైన, క్యాన్యులా (మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్న గొట్టం) మీద అంటించే టేపు.

మా పాపదీ మీ బాబు తీరే. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో పిల్లల వార్డులో ఉంది. క్యాన్యులా పెట్టేటప్పుడు నా ఒళ్ళో కూర్చుని ఏడ్చింది, కాసేపటికి ఊరుకుంది. ఆ రాత్రంతా నిద్రపోనిది మాత్రం టేపు అంచు లేచి చర్మానికి గీసుకుంటోందని. తెల్లారి చెయ్యి వాచింది, క్యాన్యులా మార్చాలన్నారు. మార్చాలంటే పాత టేపు ఊడదియ్యాలి. ఇద్దరు సిస్టర్లు వచ్చారు. ఒకామె భుజాలు పట్టుకోబోయింది, రెండో ఆమె "ఒక్క లాగుడే తల్లీ, చూసేలోపే అయిపోతుంది" అంటూ అంచు పట్టుకుంది. పాప వేసిన కేకకు పక్క మంచాల పిల్లలూ ఏడుపు అందుకున్నారు. కాళ్ళతో తన్నింది, నా చెయ్యి కొరికింది.

అప్పుడొచ్చింది వార్డు పెద్ద సిస్టర్. ఏమీ అనలేదు. ఇద్దరినీ రెండడుగులు వెనక్కి జరగమంది, మంచం పక్కన టీవీ కట్టేసింది, గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, ఒక దూది ఉండ తెచ్చి పాప ముందు పెట్టింది. "ఇది నీ చెయ్యి. టేపు నువ్వే తియ్యి. ఆగమంటే ఆగుతాం. ఆఖరి ముక్క కింద గొట్టం ఉంది కాబట్టి అది మాత్రం నేను తీస్తాను" అని వరస చెప్పి కుర్చీలో కూర్చుంది. పాప చాలాసేపు దూదిని నీళ్ళలో ముంచుతూ పిండుతూ ఉండిపోయింది. చిన్న సిస్టర్ గడియారం వంక చూస్తోంది, నాకేమో ఎక్కడ విసుక్కుంటారోనని గుండె దడ. తర్వాత ఒక మూల తడిపి గోటితో గోకింది. ఊడిన ముక్కను ఉండ చేసి నా అరచేతిలో పెట్టింది. మళ్ళీ తడిపింది. అలా మూలమూలా తనే ఒలుచుకుంది. ఆఖరి ముక్క దగ్గర చెయ్యి చాపి, "ఇప్పుడు నువ్వు" అంది. కొత్త క్యాన్యులాకు ఎవరూ పట్టుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకటే: ఈ పిల్లల్ని హడలగొట్టేది నొప్పికన్నా ముందే, చెప్పకుండా వచ్చి పడే స్పర్శ. కాదనేవాళ్ళుంటే వాదించడానికి నేను సిద్ధం.

ఇప్పుడు టేపు సులువుగా వదిలించే తడి వైప్స్, స్ప్రేలు ఉన్నాయి. సిలికాన్‌తో చేసినవి మండవు. చాలా వార్డుల్లో అల్మరాలో ఉంటాయి, అడిగితేనే బయటికొస్తాయి. మొద్దుబార్చే క్రీము, అంటే లిడోకెయిన్, ప్రిలోకెయిన్ కలిపిన ఎమ్లా లాంటిది, పనిచెయ్యాలంటే ఓ గంట ముందే రాయాలి. ఇక్కడే తిరకాసు ఉంది. దాని మీద కప్పే పారదర్శక పొర కూడా జిగురుదే. నొప్పి తగ్గించడానికి రాసిన క్రీము పుణ్యమా అని ఇంకో ఒలుపుడు మొదలు. అంటుకోని పల్చటి ప్లాస్టిక్ చుట్టి వదులుగా కట్టమని ముందే అడగండి. ఎర్ర లైటు క్లిప్పు వేలికే ఉండాలని లేదు. కాలి బొటనవేలికి పెట్టి పైన మేజోడు తొడిగితే మా పాప దాని సంగతే మర్చిపోయేది.

ఇంకోటి. "చీమ కుట్టినట్టు ఉంటుంది" అనే మాట మీ బాబు దగ్గర ఎవరినీ అననివ్వకండి. మా పాప ఆ మాట విని మంచం మీద చీమల కోసం వెతికింది, దులిపింది, పడుకోనంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: చల్లగా తగులుతుంది, తర్వాత గుచ్చుకుంటుంది, అయిదు లెక్కపెట్టేదాకా ఉంటుంది. నొప్పి ఉండదని మాత్రం అనొద్దు. ఆ ఒక్క అబద్ధం తర్వాత మీరు చెప్పే నిజాలు కూడా నమ్మడు.

నొప్పి అంటే గుర్తొచ్చింది. ఏడుపు ముఖం నుంచి నవ్వు ముఖం దాకా బొమ్మలున్న చార్టు చూపించి ఎంత నొప్పో వేలు పెట్టమంటారు. మా పాప నవ్వు ముఖం మీద పెట్టింది. ఆ బొమ్మ నచ్చిందట! నొప్పి లేదని రాసేసుకున్నారు. పాపకు బాగా నొప్పిగా ఉంటే ఏడవదు, చెవి తమ్మె నలుపుకుంటూ మౌనంగా ఉంటుంది. అది నాకు తెలుసు, వాళ్ళకెలా తెలుస్తుంది? ముఖం, కాళ్ళ కదలిక, ఏడుపు వగైరా చూసి నొప్పి అంచనా వేసే ఫ్లాక్ అనే పద్ధతి 1997 నుంచి ఉంది. మేధోపరమైన ఎదుగుదలలో ఇబ్బంది ఉన్న పిల్లల కోసం 2006లో దాన్ని సవరించారు. అందులో తల్లిదండ్రులు తమ పిల్లల ప్రత్యేక లక్షణాలు చేర్చవచ్చు. ఆ పేరు చెప్పి అడగండి, మీ మాటకు బరువొస్తుంది.

ఇక బంధువులు. పరామర్శకని వచ్చి బుగ్గలు పుణికేవాళ్ళు, ఫోన్లో పాటలు పెట్టేవాళ్ళు, "నెత్తికెక్కించుకున్నారు, రెండు తగిలిస్తే అన్నీ సర్దుకుంటాయి" అనేవాళ్ళు. జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఈ పిల్లల ఇంద్రియాల తీరు గురించి 1972లోనే పుస్తకం రాశారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగనిర్ధారణ పుస్తకంలో, ఆటిజం లక్షణాల జాబితాలోకి ఈ స్పర్శ, శబ్దాల ఇబ్బంది కూడా ఎక్కింది. మా చుట్టాలింకా గారాబం దగ్గరే ఆగిపోయారు. మా ఆడపడుచుకు ఇదంతా వివరించబోయి మానేశాను, "పాపకు ఇన్ఫెక్షన్ అంటుకుంటుంది, డాక్టర్ ఎవర్నీ రానివ్వద్దన్నారు" అని చెప్పేశాను. పాపం అంటుకుంటే అంటుకోనీ.

మీ బాబుది ఆపరేషన్ కాబట్టి మత్తు డాక్టర్‌ను ముందే ఒకసారి కలవండి. మత్తు మాస్క్ ఒకటి ఇంటికి ఇమ్మని అడగండి, బొమ్మకు తొడిగి, మీ ముక్కుకు పెట్టుకుని ఆడుకోనివ్వండి. మాస్క్ లోపల నచ్చిన వాసన లిప్ బామ్ రాయడానికి చాలామంది ఒప్పుకుంటారు. ఆ రోజు మొదటి కేసుగా తీసుకోమనండి. ఆకలితో, రద్దీ హాల్లో గంటలకొద్దీ కూర్చోబెడితే థియేటర్ దాకా వెళ్ళకముందే ఓపిక అయిపోతుంది. మెలకువ వచ్చేసరికి మీరు పక్కన ఉండాలని కూడా అడగండి. చెవులకు శబ్దం తగ్గించే మఫ్స్, ఇంట్లో వాడే దుప్పటి, ట్యాగులు కత్తిరించిన చొక్కా తీసుకెళ్ళండి.

వీటన్నిటికన్నా పనికొచ్చేది ఒక చిన్న కాగితం. ఏది తాకితే పడదు, ఏం చేస్తే కుదుటపడతాడు, నొప్పి వస్తే ఎలా ఉంటాడు, పెద్ద అక్షరాలతో రాయండి. అరపేజీ దాటితే ఎవరూ చదవరు. ఒకటి కేస్ షీట్‌కు పిన్ చేయించి, ఒకటి మంచం తల దగ్గర అతికించండి. పగలు మీకు అర్థం చేసుకున్న సిస్టర్ దొరికినా, రాత్రి డ్యూటీ మారగానే కొత్తామె లైటు వేసి, చెప్పకుండా బీపీ పట్టీ చుట్టేస్తుంది. ఆ వేళకు మీరు కునుకు తీస్తుంటారు.