మురుగునీటి పనికి ఏ పద్దు నుంచి డబ్బు?

ఊరి మురుగునీటి పనులకు ఏ పథకం కింద ఎంత వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని పంచాయతీల నుంచీ చిన్న పట్టణాల నుంచీ వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు.

ప్రశ్న: మా ఊరి జనాభా 2,400. నల్లరేగడి నేల. సైడు కాలువలన్నీ చెరువులో కలుస్తున్నాయి. చెరువుకు ముందే శుద్ధి గుంటలు తవ్వి, కాలువలు కూడా బాగుచేయాలని 14 లక్షలకు ఎస్టిమేట్ వేయించాం. స్వచ్ఛ భారత్ వాళ్లు ఆర్థిక సంఘం డబ్బు వాడుకోమంటున్నారు. మండలంలో ఉపాధి హామీలో పెట్టమంటున్నారు. అసలు ఎవరిస్తారండీ? - ఒక సర్పంచ్, పల్నాడు జిల్లా

జవాబు: ముగ్గురూ ఇస్తారు, ఒక్కొక్కరు ఒక్కో ముక్కకు. మీ ఎస్టిమేట్ మొత్తం ఒకే ముద్దగా ఉంది కాబట్టే ఎవరికి వారు పక్కవాళ్ల మీదికి నెడుతున్నారు.

ముందు స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ లెక్క చూద్దాం. రెండో దశ మార్గదర్శకాల్లో మురుగునీటి పనులకు 5,000 జనాభా వరకు ఉన్న గ్రామంలో తలకు 280 రూపాయల దాకా, అంతకు మించిన గ్రామంలో 660 దాకా అనుమతి ఉంది. మీకు 2,400 తలలకు 6.72 లక్షలు. అదంతా పైనుంచి రాదు. అందులో 30 శాతం, అంటే సుమారు 2.02 లక్షలు, పంచాయతీ తన ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి పెట్టుకోవాలి. మిగిలిన 4.70 లక్షలను కేంద్రం, రాష్ట్రం 60:40 నిష్పత్తిలో భరిస్తాయి. 14 లక్షల ఎస్టిమేట్ పట్టుకెళ్తే స్వచ్ఛ భారత్ వాళ్లు వెనక్కి పంపడానికి కారణం ఇదే.

15వ ఆర్థిక సంఘం 2021-22 నుంచి 2025-26 వరకు పంచాయతీల గ్రాంటును మూడుగా కోసింది. పారిశుద్ధ్యానికి 30 శాతం, తాగునీటికి 30, పంచాయతీ ఇష్టానికి 40. ఈ చివరి భాగాన్ని కూడా జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ వాడకూడదు. ఉదాహరణకు ఏడాదికి 10 లక్షలు వచ్చే పంచాయతీకి పారిశుద్ధ్యం కింద 3 లక్షలుంటాయి. మీ 2.02 లక్షల వాటా అందులోంచి వెళ్తుంది. 2026-27 నుంచి వర్తించే వాటాలను మాత్రం కొత్త ఉత్తర్వులో చూసుకునే తీర్మానం రాయండి, పాత శాతాలు దించేయకండి.

ఇక ఉపాధి పని. ఇక్కడ నిర్వహణ మొత్తం కూలీల చేతి మీద నడుస్తుంది. కాంట్రాక్టరును పెట్టకూడదు, కూలీల పనిని లాక్కునే యంత్రాలు దించకూడదు, సామగ్రి ఖర్చు 40 శాతం దాటకూడదు అన్నవి ఉపాధి హామీ చట్టం నాటి నిబంధనలు. ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు వికసిత్ భారత్ - జీ రామ్ జీ చట్టాన్ని ఆమోదించింది. అందులో నిధుల్లో రాష్ట్రం 40 శాతం పెట్టాలి. మీ పని ఏ నిబంధనల కింద మంజూరవుతుందో ఏపీఓను (మండలంలో ఉపాధి పనులు చూసే అధికారిని) అడిగి, ఆ తర్వాతే ఎస్టిమేట్ వేయించండి. మా సలహా ఒక్కటే: ఇందులో మట్టి పని మాత్రమే పెట్టండి. సిమెంటు, తూములు, పైపులు పెడితే సామగ్రి బిల్లు దగ్గర పని నెలలకొద్దీ ఆగుతుంది.

ఇప్పుడు మట్టి పని ఎంతో లెక్క కడదాం. తలకు రోజుకు 55 లీటర్ల కుళాయి నీళ్లు వస్తే సుమారు 70 శాతం కాలువలోకి వస్తుందనుకోండి. 2,400 మందికి రోజుకు 92,400 లీటర్లు. నీరు గుంటల్లో కనీసం 10 రోజులు నిలవాలంటే 924 ఘనపు మీటర్లు కావాలి. 1.2 మీటర్ల లోతున 770 చదరపు మీటర్లు, అంటే 19 సెంట్ల నీటి వైశాల్యం. గట్లు, వాలు, దారి కలిపి 30 సెంట్లు చూసుకోండి. ఒకే పెద్ద గుంట వద్దు, మూడు గుంటలు వరసగా పెట్టండి. ఒక్కోటి వెడల్పుకు రెండు మూడు రెట్ల పొడవుండాలి. చతురస్రంగా తవ్వితే నీళ్లు ఇటు పడి అటు దాటిపోతాయి, పది రోజులు నిలవవు. గట్టు నీటి మట్టానికి అర మీటరు పైన ఉండాలి.

నల్లరేగడి అని దిగులు పడకండి. ఇంకుడు గుంతకు పనికిరాని ఆ నేలే ఇలాంటి గుంటకు మేలు, నీరు పట్టి ఉంచుతుంది. ఎర్రనేలలో అయితే అడుగున బంకమట్టి పరిచి దిమ్మిస కొట్టించాల్సి వచ్చేది. కానీ ఒకసారి నింపాక ఎండనివ్వకూడదు. గట్టు నెర్రెలిస్తే ఆ పగుళ్లలోంచే గండి పడుతుంది.

ఇక ఎస్టిమేట్‌ను మూడుగా విడగొట్టించండి. తవ్వకం, గట్లు ఉపాధిలో. జాలీ తొట్టి, పూడిక తొట్టి, గుంటల మధ్య పైపులు, బయటికి పోయే తూము స్వచ్ఛ భారత్‌లో. పాత సైడు కాలువల మరమ్మతు పారిశుద్ధ్యం పద్దులో మిగిలిన డబ్బుతో, చాలకపోతే రెండో ఏడాది. మూడు ఎస్టిమేట్లకూ మూడు మంజూరులు, మూడు ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) రికార్డులు ఉండాలి. ఒకే తవ్వకాన్ని రెండు పద్దుల్లో చూపించారా, ఆడిట్‌లో రికవరీ సర్పంచ్ మీద, కార్యదర్శి మీద పడుతుంది. ఇవన్నీ ఒకే పనిలో భాగాలని గ్రామసభ తీర్మానంలో ముందే రాయించండి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఆ 30 సెంట్లు ఎవరి భూమి? చెరువు శిఖంలో (నీరు నిలిచే చెరువు భూమిలో) గుంట తవ్వితే ఏ పథకమూ మిమ్మల్ని కాపాడదు. సర్వే నంబరు, తహసీల్దారు ఇచ్చిన కాగితం లేకుండా ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరకు వెళ్లకండి.

ప్రశ్న: కాలువలకు, మురుగునీటి గుంటలకు టైడ్ నిధులు (ఆర్థిక సంఘం గ్రాంటులో ఫలానా పనికే అని కేటాయించిన భాగం) వాడితే ఆడిట్‌లో అభ్యంతరం రాశారు. తప్పెక్కడ? - పంచాయతీ కార్యదర్శి, నల్గొండ జిల్లా

జవాబు: పనిలో తప్పుండదు, పద్దులో ఉంటుంది. మురుగునీటి నిర్వహణ పారిశుద్ధ్యం కిందకే వస్తుంది. అభ్యంతరం సాధారణంగా రెండు చోట్ల పుడుతుంది. పని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో లేకుండానే చెల్లింపు జరగడం ఒకటి. పంచాయతీ లెక్కల పోర్టల్ ఈ-గ్రామ్ స్వరాజ్‌లో పనిని రోడ్ల కింద నమోదు చేసి, డబ్బు మాత్రం పారిశుద్ధ్యం నుంచి తీయడం రెండోది. సీసీ రోడ్డుతో పాటు కాలువ కట్టినప్పుడు రెండూ ఒకే ఎస్టిమేట్‌లో ఉంటే ఈ రెండో చిక్కు తప్పదు. కాలువను వేరుచేయండి. పని మధ్యలో పద్దు మార్చాలనుకుంటే ముందు ప్రణాళికలో సవరణ ఎక్కించి, ఆ తర్వాతే చెల్లింపు.

ఎక్కువమంది వాడుకోని దారి ఒకటుంది. 15వ ఆర్థిక సంఘం 2025-26 వరకు ఇచ్చిన తాగునీటి 30 శాతంలో వాననీటి సేకరణ, నీటి పునర్వినియోగం కూడా ఉన్నాయి. శుద్ధి గుంట చివరి నుంచి నర్సరీకో, రోడ్డు పక్క మొక్కలకో నీళ్లు తీసుకెళ్లే పైపూ మోటారూ ఈ పద్దులో న్యాయంగా పెట్టుకోవచ్చు. అప్పుడు పారిశుద్ధ్యం డబ్బు కాలువలకు మిగులుతుంది.

మీది తెలంగాణ కాబట్టి ఇంకో మాట. మిషన్ భగీరథ గ్రామాలకు తలకు 100 లీటర్ల లెక్కన రూపొందింది. పై జవాబులోని 55 లీటర్ల లెక్క పట్టుకుంటే మీ గుంట దాదాపు సగం చిన్నదవుతుంది. 2,400 మంది ఊరికి రోజుకు 1.68 లక్షల లీటర్లు. అయితే తలకు 280 మాత్రం మీకూ అంతే.

ప్రశ్న: మా ఊళ్లో 4,900 మంది. స్వచ్ఛ భారత్ కింద మురుగునీటి పనులకు 13.72 లక్షలే వస్తాయంటున్నారు. 5,000 దాటిన పక్క ఊరికి 33 లక్షల పైమాటే. ఇదేం న్యాయం? - వార్డు సభ్యుడు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: గీత అక్కడ గీశారు, వాదించి లాభం లేదు. పెద్ద ఊళ్లలో ఇంటింటి ఇంకుడు గుంతలకు చోటుండదు, పైపులూ శుద్ధి వ్యవస్థా తప్పవు, అందుకే ఆ తేడా. 280 గానీ 660 గానీ గరిష్ఠ పరిమితి, హక్కు కాదు. ఎస్టిమేట్‌లో తేలినంతే ఇస్తారు. మరీ చిన్న గ్రామానికి మాత్రం ఊరట ఉంది: తలల లెక్క ఎంత తక్కువైనా చెత్త, మురుగునీరు రెండింటికీ కలిపి అవసరాన్ని బట్టి లక్ష రూపాయల వరకు వాడుకోవచ్చు.

ప్రశ్న: ఎంపీ గారి నిధుల నుంచి, నాబార్డు నుంచి తెచ్చుకోవచ్చా? - యువజన సంఘం సభ్యులు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. ఆయన సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. 15 శాతం ఎస్సీ వాడలకు, 7.5 శాతం ఎస్టీ ప్రాంతాలకు వెళ్లాలి కాబట్టి ఎస్సీ కాలనీ కాలువకు అడిగితే అవకాశం ఎక్కువ. అడిగేటప్పుడు పూర్తయ్యే ముక్కనే అడగండి. సగం కాలువకు మంజూరైతే నీరు ఎవరో ఒకరి గుమ్మం ముందు ఆగుతుంది. తర్వాతి నిర్వహణకు ఈ నిధి పైసా ఇవ్వదు, పంచాయతీ పూచీ రాసివ్వాలి.

నాబార్డు గ్రామీణ మౌలిక వసతుల నిధి 1995-96 నుంచి ఉంది. అది రాష్ట్ర ప్రభుత్వానికిచ్చే అప్పు. పంచాయతీ నేరుగా దరఖాస్తు పెట్టే వీలు లేదు.

ప్రశ్న: మా నగర పంచాయతీలో 38,000 జనాభా. ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి కేంద్రం) వస్తుందంటున్నారు. ఇంటింటికీ భూగర్భ డ్రైనేజీ కనెక్షన్ కూడా వస్తుందా? - కౌన్సిలర్, ప్రకాశం జిల్లా

జవాబు: ఈ పథకంలో రాదు. 2021 అక్టోబరులో మొదలైన స్వచ్ఛ భారత్ అర్బన్ 2.0లో లక్షలోపు జనాభా పట్టణాలకు వాడిన నీటి పద్దు ఉంది, కేంద్రం సగం ఇస్తుంది. అది శుద్ధి కేంద్రానికీ, పారే కాలువను అడ్డగించి నీటిని కేంద్రానికి మళ్లించే నిర్మాణాలకూ, పంపులకూ. వీధుల్లో డ్రైనేజీ లైన్లకు, ఇంటి కనెక్షన్లకు కాదు.

మీరు కౌన్సిల్లో అడగాల్సింది సామర్థ్యం గురించి. తలకు 135 లీటర్లు, అందులో 80 శాతం అని కాగితం మీద లెక్కేస్తే రోజుకు 41 లక్షల లీటర్ల ఎస్టీపీ వస్తుంది. నిజంగా కాలువలో అంత పారుతోందా? ఏప్రిల్, మే నెలల్లో వానల్లేని వారం చూసి, కాలువ చివర వీ-ఆకారపు గండి పలక (పారే నీటిని కొలిచే పలక) బిగించి ఇరవై నాలుగు గంటలూ గంటగంటకూ కొలిపించండి. నీరు సగమే వస్తే కేంద్రంలో సూక్ష్మజీవులకు మేత చాలక శుద్ధి సరిగా జరగదు, కరెంటు బిల్లు మాత్రం దాదాపు అంతే వస్తుంది. ఆ బిల్లు ఈ పథకం కట్టదు. కాబట్టి సగం సామర్థ్యంతో మొదలుపెట్టి, పక్కన రెండో సగానికి జాగా వదలమనండి.

ప్రశ్న: మూడేళ్ల కిందట స్వచ్ఛ భారత్‌లో కట్టిన ఇంకుడు గుంతలు నిండి పొంగుతున్నాయి. మళ్లీ అదే పథకంలో డబ్బు వస్తుందా? - గృహిణి, కరీంనగర్ జిల్లా

జవాబు: మరమ్మతుకు స్వచ్ఛ భారత్ రాదమ్మా. పంచాయతీ పారిశుద్ధ్యం వాటా నుంచే చేయించాలి, అందులో నిర్వహణ కూడా ఉంది.

బాగుచేసే ముందు ఎందుకు నిండిందో చూడండి. గుంత పైన పూడిక తొట్టి లేకపోతే అంట్లు తోమిన బూడిద, జిడ్డు, అన్నం మెతుకులు నేరుగా రాళ్ల మధ్య చేరి అట్ట కడతాయి. అలాంటప్పుడు పై అడుగు మందం రాళ్లు తీసి కడిగి, ముందు ఒక చిన్న తొట్టి కట్టి, దాన్ని వారానికోసారి ఎత్తిపోస్తే చాలు. సెప్టిక్ ట్యాంకు గొట్టం అందులోకే వదిలి ఉంటే ముందు దాన్ని విడదీయించండి.

తొట్టి ఉండీ పొంగుతోందంటే లోపం నేలది. పక్కన అదే లోతున జానెడు వెడల్పు గుంట తీసి, అడుగున రెండు అంగుళాల కంకర పోసి, రాత్రంతా నీళ్లతో నాననివ్వండి. తెల్లారి కంకర మీద 15 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు నిలిపి అరగంట తర్వాత కొలవండి. అరగంటలో కనీసం 2.5 సెంటీమీటర్లు దిగితే ఇంకుడు గుంత పనికొస్తుంది. అంతకన్నా నెమ్మదిగా, గంటలోపు దిగితే లోతు తక్కువగా పొడవాటి ఇంకుడు కందకం తీయించాలి. గంటకూ దిగకపోతే ఆ చోట ఎన్ని గుంతలు తవ్వినా పొంగుతాయి. ఆ కొలతలు కాగితం మీద రాసి గ్రామసభలో ఇవ్వండి, మీ వీధి నీటిని కాలువలో కలిపేందుకు తీర్మానం అడగండి.