ఎర్ర వైన్‌కి ధైర్యమెందుకు?

సందేహం: నంది కొండల దగ్గర ద్రాక్షతోటలు చూడటానికి ఆఫీసు మిత్రులతో వెళ్లాను. క్యాబర్నే, షిరాజ్ అనే ద్రాక్ష రకాలు కలిపి చేసిన 'బోల్డ్ రెడ్' రుచి చూపించారు. అక్కడిచ్చిన కాగితాన్ని ఒక మిత్రుడు తెలుగు చేస్తూ 'ధైర్యమైన ఎర్ర వైన్, చేదు టానిన్లు, మటన్‌తో జత చేయండి' అని రాశాడు. చేదు కాదు, కషాయ రుచి అని నేనంటే అందరూ నవ్వారు. ఏది సరైనది?
- ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

సమాధానం: జలుబు చేస్తే మిరియాలు, శొంఠి మరిగించి తాగేదొక్కటే కషాయమని మీ మిత్రుల ఉద్దేశం కాబోలు. షడ్రుచుల్లో వగరుకి సంస్కృతంలో పేరే కషాయం. ఉగాది నాడు ఆరు రుచులూ వరసగా అప్పజెప్పే మనం మిగతా ఏడాదంతా చేదునీ వగరునీ ఒకే గాటన కట్టేస్తున్నాం. కాకరకాయ చేదు, వక్క వగరు. వగరునిచ్చే పదార్థమైన టానిన్ లాలాజలంలోని మాంసకృత్తుల్ని పట్టేసుకుంటుంది. దాంతో నోట్లో తడి ఉన్నా జారుడు పోయి, నాలుక అంగిలికి అంటుకున్నట్టవుతుంది. అది వగరు చేసే పని.

ఈ కషాయం నుంచే కాషాయం వచ్చింది. కషాయంతో రంగు వేసిన బట్ట కాషాయం. 'తేన రక్తం రాగాత్' అన్న పాణిని సూత్రానికి వ్యాఖ్యాతలు చూపే ఉదాహరణల్లో ఇదొకటి. చెట్ల బెరళ్లు, కాయలు నీళ్లలో మరిగిస్తే రంగూ వగరూ కలిసే దిగుతాయి మరి. అమరకోశం వగరుకి తువరం అని ఇంకో పేరు చెబుతుంది: 'తువరస్తు కషాయోఽస్త్రీ'. తమిళులకి తువర్ అంటే వగరు, ఎరుపు కూడా. మన తొగరు అంటే ఎరుపు. మీ పక్కింటి కన్నడిగుణ్ణి అడగండి, వగరుని ఒగరు అంటాడు. మన నిఘంటువుల్లోనూ ఒగరు ఉంది. తొగరూ ఒగరూ అన్నదమ్ములేనని నాకు గట్టి అనుమానం. సాక్ష్యం తెమ్మంటే మాత్రం తడుముకోవాలి.

వైన్ విషయంలో ఆ తడుములాట అక్కర్లేదు. ఎర్ర వైన్‌కి నల్లద్రాక్షని తొక్కలతో సహా పులియబెడతారు. రంగు ఆ తొక్కలదే, వగరు తొక్కలదీ గింజలదీ. తెల్ల వైన్‌కి రసం పిండి తొక్కలు ముందే వేరు చేస్తారు కాబట్టి ఆ రెండూ దానికి అంతగా అబ్బవు. నేరేడుపండు నమిలి అద్దంలో చూసుకోండి, నాలుక ఊదారంగుకి తిరిగి ఉంటుంది, పట్టేసినట్టూ ఉంటుంది.

ఇక 'ధైర్యమైన'. ఆ వైన్ ఏ యుద్ధానికి పోతోందని? ఇంగ్లిషు విశేషణం కనబడగానే నిఘంటువులో మొదటి అర్థం తీసి అంటించే జబ్బు ఇది. కాఫీ డికాక్షన్ గట్టిగా ఉందంటాం గానీ ధైర్యంగా ఉందంటామా? (డికాక్షన్ కూడా కషాయమే, అది వేరే సంగతి.) నన్నడిగితే 'నిండు వగరున్న ఎర్ర వైన్' అంటాను. 'గట్టి' అన్నా తప్పు పట్టను. 'ఘాటు' వద్దు, అది సారాకి ఉండనివ్వండి. ద్రాక్షారసం అంటే జ్యూస్ అనుకుంటారు, వైన్ అనే రాయండి.

'జత చేయండి' చెప్పులకి సరే. తిండికి నంజుకోవడం అన్న చక్కని మాట ఉండగా ఈ అరువు దేనికి? వేపిన మటన్ నంజుకుంటే అందులోని కొవ్వు, మాంసకృత్తులు వగరుని మెత్తబరుస్తాయి. షిరాజ్ ఉంది కాబట్టి వేపుడులో మిరియాలు దంచి వేస్తే ఇంకా నప్పుతుంది. షిరాజ్‌లో తగిలే మిరియపు వాసనకీ అసలు మిరియపు వాసనకీ మూలం రోటండోన్ అనే ఒకే పదార్థం. అక్కడి ఆంధ్రా మెస్సుల పచ్చిమిర్చి చికెన్ జోలికి మాత్రం పోవద్దు. కారం తగిలితే వగరు మొరటుగా అనిపిస్తుంది, ఆల్కహాల్ మంటా పెరుగుతుంది. అన్నట్టు, పాత తెలుగులో నంజుడు అంటే మాంసం. మీ మిత్రుడు ఆ కాగితంలో 'మటన్ నంజుకోండి' అని దిద్దుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు.