బోరు నీళ్లు మరిగిస్తే మందుల అవశేషాలు పోతాయా?

ప్రశ్న: మాది పటాన్‌చెరు దగ్గరి పల్లె. మందుల కంపెనీల వ్యర్థాలు వాగులో కలిసి మా బోర్లలోకి దిగాయంటారు. నీళ్లు మరిగించి తాగుతున్నాం. ఎనిమిదేళ్ల మా పాపకు ఆరు నెలల్లో రెండుసార్లు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. రెండోసారి మందు పనిచేయలేదు. నీళ్లే కారణమా?
– ఒక పాఠకురాలు, సంగారెడ్డి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఊరివాళ్ల భయం ఆధారం లేనిది కాదు. సుమారు 90 మందుల తయారీ యూనిట్ల మురుగును శుద్ధి చేసే పటాన్‌చెరు ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. పెద్దలకు మేము రాసే 500 మిల్లీగ్రాముల మాత్రలో ఉండేంత మందు ఆ నీటిలో పదహారు లీటర్లకే దొరుకుతుందన్నమాట. చుట్టుపక్కల చెరువుల్లోనూ, పల్లెల బావుల్లోనూ మందులు ఉన్నాయని 2009లో వెల్లడైంది. అయితే బావుల్లో దొరికినది మైక్రోగ్రాముల (మిల్లీగ్రాములో వెయ్యో వంతు) లెక్కలోనే. అవి అప్పటి కొలతలు. మీ బోరు సంగతి ఇప్పుడు పరీక్షిస్తేనే తెలుస్తుంది, మామూలు నీటి పరీక్షలో మందులను కొలవరు.

మరిగిస్తే క్రిములు చస్తాయి, కరిగి ఉన్న మందు మాత్రం పోదు. పొరలు వేళకు మార్చే ఆర్‌ఓ యంత్రం చాలావరకు తీసేస్తుంది. తాగడానికీ వంటకూ ఆ నీరే వాడండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఆ కొద్దిపాటి మందు ఒంట్లోకి చేరడం కాదు. యాంటీబయాటిక్ ఎప్పుడూ ఉండే నీటిలోనూ బురదలోనూ దానికి లొంగే బ్యాక్టీరియా చచ్చి, తట్టుకునేవి మిగిలి, ఆ గుణాన్నిచ్చే జన్యువులను పక్క బ్యాక్టీరియాకూ అందిస్తాయి. ఫ్యాక్టరీ వ్యర్థాల్లో యాంటీబయాటిక్స్‌కు పరిమితులు ప్రతిపాదిస్తూ 2020 జనవరిలో కేంద్ర ప్రభుత్వం ముసాయిదా తెచ్చింది, తుది నిబంధనల్లో అవి లేకుండా పోయాయి. వైద్యుడిగా ఇది నాకు చాలా బాధ కలిగించిన విషయం.

అయినా, పాప జబ్బుకు నీళ్లే కారణమని నేను చెప్పలేను. ఈ ఇన్‌ఫెక్షన్ ఎక్కువగా మన పేగుల్లోని ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్లే వస్తుంది. మలబద్ధకం, బడిలో మూత్రం ఆపుకోవడం దానికి తోడవుతాయి. మందుకు లొంగని గుణం నీటి నుంచే కాక, లోగడ పదే పదే వాడిన యాంటీబయాటిక్స్ వల్లా రావచ్చు. అందుకే మెడికల్ షాపులో పాత చీటీ చూపించి అదే మందు మళ్లీ కొనకండి. ఈసారి లక్షణాలు కనిపిస్తే, యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే మూత్రం కల్చర్ పరీక్షకు ఇవ్వండి. ఏ మందు పనిచేస్తుందో అందులో తేలుతుంది. రెండుసార్లు వచ్చింది కాబట్టి పిల్లల డాక్టరుకు చూపించి, మూత్రపిండాల స్కానింగ్ అవసరమా అని అడగండి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.