పిల్లికి లుకేమియా వైరస్: ఒక్క పరీక్షతో ఆశ వదులుకోవద్దు

ప్రశ్న: మాది కాకినాడ. మా మగపిల్లికి రెండున్నరేళ్లు. నెల రోజులుగా చిక్కిపోతుంటే రక్తపరీక్ష చేయించాం. ఫెలైన్ లుకేమియా వైరస్ పాజిటివ్ అన్నారు. ఇది క్యాన్సరా? ఇంట్లో ఆరేళ్ల మరో పిల్లి ఉంది. మా కోడలికి ఐదో నెల. బంధువులు చేపల మార్కెట్లో వదిలేయమంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకురాలు

జవాబు: ముందు మార్కెట్ సంగతి తేల్చేద్దామమ్మా. వదలకండి. ఈ వైరస్ ఎక్కువగా లాలాజలం ద్వారా పాకుతుంది. ఒకదాన్నొకటి నాక్కున్నా, ఒకే గిన్నెలో తిన్నా, పోట్లాటలో కరుచుకున్నా అంటుకుంటుంది. మీ పిల్లిని అక్కడ వదిలితే ఆ వీధి పిల్లులకు ఈ వైరస్, దానికి అక్కడి జబ్బులు. అసలే రోగనిరోధక శక్తి తగ్గిన ప్రాణి, ఎన్నాళ్లో బతకదు.

ఇక కోడలి గురించి. ఈ వైరస్ మనుషులకు రాదు, కుక్కలకూ రాదు. అయితే గర్భిణులు పిల్లి మలం ఎత్తకూడదన్నది వేరే కారణంతో చెప్పే మాట. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండవచ్చు, అది కడుపులో బిడ్డకు ప్రమాదం. బయటపడిన ఒకటి రెండు రోజుల తర్వాతగానీ దానికి అంటించే శక్తి రాదు. కాబట్టి ట్రేను ఇంట్లో మరొకరు రోజూ శుభ్రం చేసి, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు.

క్యాన్సరా అన్నారు. కాదు, వైరస్. 1964లో గ్లాస్గోలో విలియం జారెట్ బృందం దీన్ని లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చిన పిల్లుల్లో గుర్తించడంతో లుకేమియా (రక్త క్యాన్సర్) అన్న పేరు పడింది. కొన్ని పిల్లుల్లో ఇది క్యాన్సర్‌కు దారితీస్తుంది. అంతకంటే తరచుగా కనిపించేవి రక్తహీనత, తగ్గని నోటిపూత, పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్లు.

కిట్‌లో ఒకసారి పాజిటివ్ రాగానే తీర్పు రాసేయకూడదు. కొన్ని పిల్లుల శరీరం వైరస్‌ను అణచిపెడుతుంది. అది ఎముక మజ్జలో దాగి ఉన్నా రక్తంలో కనిపించదు, అవి ఇతర పిల్లులకు అంటించవు, చాలావరకు ఆరోగ్యంగానే బతుకుతాయి. అందుకే పీసీఆర్ (వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) వంటి మరో పద్ధతిలో నిర్ధారించుకుని, 6 నుంచి 12 వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి. రక్తకణాల లెక్క మాత్రం ఇప్పుడే కావాలి, చిక్కిపోవడానికి కారణం అందులో దొరకవచ్చు. వైరస్ స్థిరపడిపోతే ఎక్కువ పిల్లులు మూడేళ్లలోపే చనిపోతాయి, ఇది దాచను. వైరస్‌ను పూర్తిగా తరిమే మందు లేదు. కానీ ఆ కాలం హాయిగా గడిచేలా చేయడం చాలావరకు మీ చేతిలో పనే.

మొదట తిండి. మన ఇళ్లలో పిల్లికి పాలన్నం, చేపల పులుసు కలిపిన అన్నం పెట్టడం అలవాటు. పులుసులోని ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. అసలే రక్తహీనత ముప్పున్న పిల్లికి అది విషమే. అన్నం మీద పిల్లి బతకదు, దానికి మాంసకృత్తులు కావాలి. పచ్చి చేప తలలు, పచ్చి మాంసం, కాచని పాలు వద్దు. సూక్ష్మక్రిములతో పోరాడే శక్తి తక్కువ కదా. ఉప్పు, మసాలా లేకుండా ఉడికించిన చేప లేదా కోడిమాంసం అప్పుడప్పుడు పెట్టండి. రోజువారీకి పిల్లుల కోసం తయారైన సమతుల ఆహారమే మేలు.

పిల్లిని ఇంట్లోనే ఉంచండి. సంతాన నిరోధక శస్త్రచికిత్స కాకపోతే, ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు చేయించండి. తిరుగుళ్లు, పోట్లాటలు తగ్గుతాయి. గోమార్లు, పిడుదులకు మందు వైద్యుడిని అడిగి పిల్లుల కోసం ఉన్నదే వాడండి. పెర్మెత్రిన్ ఉన్న కుక్కల మందు పిల్లిని చంపగలదు. జ్వరమని పారాసిటమాల్ ముక్క వేయడం మరో ఘోరం, ఒక్క మాత్రే ప్రాణం తీయవచ్చు.

ప్రతి వారం తూకం వేయండి. మీరు ఎత్తుకుని ఒకసారి, ఎత్తుకోకుండా ఒకసారి మిషన్ ఎక్కితే తేడా తెలుస్తుంది. చిగుళ్లు పాలిపోతే, రోజంతా తినకపోతే, నోరు దుర్వాసన కొడితే ఆగకుండా వైద్యుడికి చూపించండి. రేపు చూద్దామనుకోవడం ఈ జబ్బులో ఖరీదైన పొరపాటు. బాగున్నా ఆరు నెలలకోసారి రక్తపరీక్ష అవసరం. రేబిస్ టీకా మానకండి.

రెండో పిల్లి కూడా పరీక్ష చేయించుకోవాలి. వయసొచ్చిన పిల్లులు కొంతవరకు తట్టుకుంటాయి, పిల్లకూనలకే ముప్పు ఎక్కువ. నెగటివ్ వచ్చినా రెండింటినీ వేరువేరు గదుల్లో, వేరువేరు గిన్నెలు, ట్రేలతో ఉంచి నెల తర్వాత మళ్లీ చేయించండి. వైరస్ బయట ఎక్కువసేపు నిలవదు, సబ్బునీళ్లకే చస్తుంది. కాబట్టి ఇల్లంతా మందు చల్లించే ఖర్చు పెట్టుకోవద్దు. ఇక్కడ పిల్లులకు సాధారణంగా వేసే మూడు వ్యాధుల టీకాలో పాన్‌లుకోపీనియా ఉంటుంది. పేరు దగ్గరగా ఉందని దాన్నే దీనికి టీకా అనుకుంటారు. అది వేరే జబ్బు.