‘ఏమీ లేదు’ అని మాత్రం రాయకు

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

పిల్లలకు బెలూన్ ఎండోస్కోపీ, అదే బెలూన్ల సాయంతో కెమెరా గొట్టాన్ని చిన్నపేగు లోతుకు పంపి చూడటం, మొదలుపెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. మా కాలంలో చేతికందని చోటు నీ చేతికి అందబోతోందని ఎంత గర్వపడ్డానో, పసివాళ్ల పేగు ఎంత పల్చనిదో తలుచుకుని అంత భయపడ్డాను. రాత్రంతా నిద్ర లేదు.

కొన్ని నీకు తెలిసినవే. పేగు ఉబ్బించడానికి గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడు. మింగించే కెమెరా కాప్స్యూల్ ఇచ్చేముందు పేగులో ఇరుకు ఉందేమో తేల్చుకో. పసికందు ఆకుపచ్చటి పసరు కక్కుకుంటే గొట్టం జోలికి పోకు. పేగు మెలిపడి ఉండవచ్చు. వెంటనే సర్జన్‌ను పిలువు, పేగు కనబడే మందు పట్టించి తీసే కాంట్రాస్ట్ ఎక్స్‌రే తీయించు.

ఇక నా తప్పు సంగతి. కాప్స్యూల్‌కు అమెరికాలో అనుమతి వచ్చిందీ, జపాన్‌లో యమమోటో అనే డాక్టరు రెండు బెలూన్ల పద్ధతిని ప్రచురించిందీ 2001లో. ఇది అంతకు చాలా ముందు మాట. ఆరేళ్ల పిల్లవాణ్ని తీసుకొచ్చారు. నొప్పి లేదు, జ్వరం లేదు, విరేచనంలో మాత్రం నేరేడుపండు రంగు నెత్తురు. పైనుంచి చూశాను, పుండు లేదు. కింది నుంచి చూశాను, పెద్దపేగులో పాలిప్ (కండ పెరుగుదల) లేదు. చిన్నపేగు వచ్చి కలిసే ద్వారం దగ్గర మాత్రం సన్నటి నెత్తుటి చార ఉంది. నీళ్లతో కడిగేశాను. కింది నెత్తురే పైకి ఎగదన్ని ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకుని, రిపోర్టులో ‘నార్మల్’ అని రాశాను. ‘ఏమీ లేదమ్మా’ అని తల్లికి చెప్పి ఐరన్ టానిక్ ఇచ్చి పంపాను.

పన్నెండో రోజున మళ్లీ వచ్చారు. పిల్లవాడి పెదవులు తెల్లకాగితంలా ఉన్నాయి, హిమోగ్లోబిన్ 4. ఆ తల్లి పాలిథిన్ కవరులోంచి నా రిపోర్టు తీసి, మడత విప్పి నా ముందు పెట్టింది. ‘మీరే రాశారు కదమ్మా’ అంది, అంతే.

సర్జన్ పొట్ట తెరిస్తే, ఆ ద్వారానికి రెండడుగుల లోపే బొటనవేలంత సంచి కనబడింది. 1809లో మెకెల్ అనే జర్మన్ వైద్యుడు వివరించినదే, అందుకే దాన్ని మెకెల్ సంచి అంటాం. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ పేగును బొడ్డువైపు కలిపే నాళం పూర్తిగా పోకుండా మిగిలితే అలా అవుతుంది. నూటికి ఇద్దరిలో ఉంటుంది. సంచి లోపల జీర్ణాశయపు పొర ఉంది. అక్కడ ఊరిన ఆమ్లం పక్కనున్న పేగును పుండు చేసింది. అలాంటి జీర్ణాశయపు పొరను పట్టిచ్చే టెక్నీషియం స్కాన్ రాయాలని కూడా నాకు తట్టలేదు. బిడ్డ బతికాడు. ఆ కవరు చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను: ఎక్కడిదాకా చూశావో రాయి, ఎక్కడ చూడలేదో కూడా రాయి. స్కాన్‌లో ఏమీ కనబడలేదని మెకెల్ సంచి లేదనుకోకు. బెలూన్‌తో కింది నుంచి వెళ్లినప్పుడు ఒకే చోట రెండు దారులు కనబడితే ఆగు, రెండింటిలోకీ చూడు. నున్నటి పాలిప్‌లా ఏదైనా వేలాడుతుంటే ఆత్రపడి కోసే తీగ ఉచ్చు వేయకు. అది లోపలికి తిరగబడిన మెకెల్ సంచి కావచ్చు. కోస్తే పేగుకే చిల్లు పడుతుంది. సర్జన్‌కు గుర్తు తెలిసేలా పక్కన ఇంకు చుక్క పెట్టి బయటికి రా.

నీకు చిన్నప్పటినుంచీ ఆకలికి తలనొప్పి వస్తుంది. పెద్ద కేసు ఉన్న రోజు రెండు ఇడ్లీలైనా తిని వెళ్లు నాన్నా. మొదటి కేసు అయ్యాక ఎంత రాత్రయినా ఫోను చెయ్యి. ఆ ద్వారం దగ్గర ఏం కనబడిందో నాకు చెప్పాలి.

నీ పెద్దమ్మ