ఎడమ అద్దంలో దగ్గర, కుడి అద్దంలో దూరం: అమెరికా కారు అద్దాల సంగతి

వెనక వచ్చే ఒకే కారు ఎడమ అద్దంలో పెద్దగా, కుడి అద్దంలో చిన్నగా కనిపిస్తోందని కంగారు పడకండి. అద్దం పాడవలేదు. ఇక్కడి ఫెడరల్ రూలు (ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 111) ప్రకారం డ్రైవరు వైపు అద్దం బల్లపరుపుగా ఉండాలి. కుడివైపుది ఉబ్బుగా ఉండొచ్చు, దాని వక్రతా వ్యాసార్థం (ఉబ్బు కొలత, ఇది తగ్గేకొద్దీ ఉబ్బు ఎక్కువ) 889 నుంచి 1651 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. బండ్లు కనిపించేదానికన్నా దగ్గరున్నాయన్న హెచ్చరిక ఆ అద్దం మీదే రాసి ఉంటుంది.

కిటికీకి దూరంగా జరిగేకొద్దీ వీధి తక్కువ కనిపిస్తుంది కదా, కుడి అద్దమూ అంతే. కంటికి మీటరున్నర దూరంలో ఉంటుంది కాబట్టి బల్లపరుపుదైతే సన్నటి చీలికలా చూపిస్తుంది. ఉబ్బు ఆ లోటు తీరుస్తుంది, బదులుగా బొమ్మను కుదిస్తుంది. 1400 మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉంటే, 20 మీటర్ల వెనకున్న కారు బల్లపరుపు అద్దంలో కనిపించేదానిలో దాదాపు మూడో వంతు సైజులో కనిపిస్తుంది. రాత్రిళ్ళు హెడ్‌లైట్లు కూడా దగ్గరదగ్గరగా కనబడి, బండి ఎక్కడో ఉందనిపిస్తుంది. అందుకే కుడివైపు లేన్ మారేముందు దూరం అంచనాకు లోపలి అద్దాన్నే నమ్మండి, అది బల్లపరుపుదే. వెనక కారు ముందు భాగం మొత్తం అందులో కనిపించాకే కదలండి.

మన దగ్గర రెండు వైపులా ఉబ్బు అద్దాలకే అలవాటు పడ్డవాళ్ళకు అసలు చిక్కు ఎడమ అద్దంతోనే. అందులో కనిపించే మేర తక్కువ. సొంత కారు తలుపు సగం అద్దం ఆక్రమించేలా పెట్టుకుంటే పక్క లేన్ మాయమైనట్టే. తలను ఎడమ కిటికీకి దాదాపు ఆనించి, కారు పక్క భాగం అంచున లీలగా కనిపించేదాకా అద్దాన్ని బయటికి తిప్పండి. కుడి అద్దానికి తలను కారు మధ్యకు వంచి అలాగే చేయండి. నిటారుగా కూర్చుంటే సొంత కారు కనిపించదు, అది తప్పు కాదు. రెండు రోజులు వింతగా ఉంటుంది, అంతే. పక్కన దాటే బండి లోపలి అద్దంలోంచి జారుతుండగానే పక్క అద్దంలోకి రావాలి.

ఇంత చేసినా భుజం మీదుగా తిరిగి చూడటం మానొద్దు. డ్రైవింగ్ టెస్టులో ఎగ్జామినర్ కళ్ళు మీ మెడ మీదే ఉంటాయి.

ఎడమ అద్దం పగిలితే గాజు ఒక్కటే మార్చుకోవచ్చు. అయితే బల్లపరుపుదే అడగండి. వేడెక్కే అద్దమైతే వెనక రెండు వైర్లుంటాయి, అవి తగిలించడం మరిస్తే మంచు పడ్డ రోజున గానీ తెలియదు.